రాతి దొడ్డిలో సందు

మరుళయ్యకి తన గురువు మీద ఒకే ఒక్క ఫిర్యాదు ఉండేది. ఆయన ఆంబోతుకి భయపడతాడు.

మిగతా ఏ విషయంలోనూ పర్వతయ్యగారికి వంక పెట్టడానికి లేదు. తేలు కుడితే "శివా" అనుకుని, చేతిలో పని పూర్తి చేసి, అప్పుడు లేచి మందు రాసుకున్న మనిషి. జమీందారు పల్లకీ ఎదురొస్తే పక్కకి తప్పుకోని మనిషి. బోయీలే చుట్టూ తిరిగి పోయారని మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు.

అలాంటి మనిషి దొడ్డి దగ్గరికి వచ్చేసరికి మారిపోయేవాడు. ఇంకా చాలా దూరం ఉండగానే దగ్గేవాడు. "బసవా, నేనేనయ్యా, వస్తున్నా" అని కేకేసేవాడు. ఆంబోతు తల ఎత్తి తనవైపు చూసేదాకా గడప దాటేవాడు కాదు. లోపలికి వెళ్లాక దాని భుజం పక్కనే నిలబడేవాడు. ముఖానికి ఎదురుగా ఆయన నిలబడగా చూసినవాళ్లు లేరు. తిరిగొచ్చేటప్పుడు వీపు చూపించకుండా వెనక్కి వెనక్కి అడుగులేసుకుంటూ వచ్చేవాడు.

వీటన్నిటికన్నా మరుళయ్యకి తలకొట్టేసినట్టు ఉండేది సందు సంగతి.

బూదికొండ మఠంలో దొడ్డి అంతా రాతి పని. నిలువెత్తు బండలు పాతి కట్టిన గోడ. ఒక పక్క పెద్ద తలుపు. దానికి ఎదురు మూల రెండు బండల మధ్య ఒక సందు వదిలారు. మనిషి పక్కకి తిరిగి ఊపిరి బిగబడితే పడతాడు. ఆంబోతుకి తల కూడా పట్టదు. పర్వతయ్యగారు రోజూ పొద్దున బసవన్నకి విభూతి పెట్టాక, ఎదురుగా తలుపు బార్లా తెరిచి ఉన్నా, ఈ సందులోంచే పక్కవాటుగా దూరి బయటికొచ్చేవాడు. వానైనా ఎండైనా అంతే. పండగకి అరిసెలు తిన్న మర్నాడు కొంచెం ఇబ్బంది పడేవాడు. ఆ రోజు మధ్యాహ్నం తనకి విస్తరి వేయొద్దనేవాడు.

విభూతి కూడా అందరిలా పెట్టేవాడు కాదు. మిగతా మఠాల్లో బసవన్నకి నొసటి మీద పెడతారు. బూదికొండలో మాత్రం పక్కన నిలబడి మూపురం మీద పెడతారు. ఎందుకని అడిగితే "మా ఆచారం" అంటారు. మా వాళ్లు ఏదైనా వివరించాల్సి వస్తే ఆ మాటతోనే సరిపెడతారు.

ఆ మఠం ఆంబోతుల గురించి మీకు చెప్పాలి. ఒంగోలు జాతిలో అంతకు మించినవి లేవని నేనంటే పక్షపాతం అంటారు. కానీ ఎక్కడెక్కడి రైతులో ఎదకొచ్చిన ఆవుల్ని తోలుకుని నడిచి వచ్చేవాళ్లు. అవి ఊరికే నడిచి రావు కదా. తరానికి ఒక కోడెదూడని ఎంచి, బసవన్న అని పేరు పెట్టి మఠంలో పెంచేవాళ్లు. శివరాత్రికి ఆ బసవన్న ఊరేగింపుగా ఏటి దాకా వెళ్లి వచ్చేది. దాని పగ్గం పట్టుకుని ముందు నడిచే శిష్యుణ్ణి చూడ్డానికి చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలేవి.

ఆ కాలంలో ఉన్న బసవన్నని కాటుకయ్య అనేవాళ్లు. ఒళ్లంతా తెలుపు, కళ్ల చుట్టూ మాత్రం కాటుక పెట్టినట్టు నల్లటి గీత. పొట్టి కొమ్ములు, నేలకి రాసే గంగడోలు, పక్కకి ఒరిగిన మూపురం. వాడు నడుస్తుంటే చూసేవాడి ఛాతీ దానంతట అదే పొంగేది.

వాణ్ణి పెంచింది మరుళయ్యే. వాణ్ణి ఈనుతూనే తల్లి చచ్చిపోయింది. అప్పటికి మరుళయ్య మఠానికి వచ్చి ఎంతో కాలం కాలేదు. అద్దంకి వైపు రైతు బిడ్డ. సాము గరిడీలు చేసిన ఒళ్లు, తలుపంత ఛాతీ. పాలలో వేలు ముంచి దూడ నోట్లో పెట్టి చీకించి బతికించాడు. చలికాలమంతా తన చాప పక్కనే పడుకోబెట్టుకున్నాడు. ఆ దూడకి తల్లీ తండ్రీ తోబుట్టువూ అన్నీ వీడే అయ్యాడు.

ఇద్దరికీ ఒక ఆట ఉండేది. మరుళయ్య అరచెయ్యి చాపి దూడ నొసటి మీద పెట్టి నెట్టేవాడు. దూడ తల దించి ఎదురు నెట్టేది. వీడు ఇంకొంచెం నెట్టేవాడు. అది వెనక్కి తగ్గి, తోక ఎత్తి, పరుగున వచ్చి ఢీకొట్టేది. మరుళయ్య కావాలని వెల్లకిలా పడిపోయేవాడు. మఠమంతా నవ్వులు.

పర్వతయ్యగారు ఒకసారి అటుగా వచ్చి చూశాడు. నవ్వలేదు.

"మరుళా, నొసటి మీద చెయ్యి వద్దు. గోకాలనిపిస్తే గంగడోలు కింద గోకు."

"అట్నే అయ్యవారూ."

ఆయన ఉన్నప్పుడు గంగడోలు గోకేవాడు. ఆయన అటు తిరగ్గానే మళ్లీ అరచెయ్యి చాపేవాడు. దూడ పెరిగింది. కోడె అయ్యింది. ఆ తర్వాత కొండంతయ్యింది. ఆట మాత్రం పాతదే. కాకపోతే ఇప్పుడు మరుళయ్య కావాలని పడాల్సిన అవసరం ఉండేది కాదు.

కాటుకయ్య దగ్గరికి ఎవరైనా దగ్గుకుంటూ వెళ్తారు. మరుళయ్య చప్పుడు చెయ్యకుండా వెళ్లి వెనకనుంచి తొడ మీద చరిచేవాడు. వచ్చిన భక్తులు నోరు తెరుచుకుని చూసేవాళ్లు. "నాకూ వాడికీ మధ్య గోడల్లేవు" అని చెప్పేవాడు. అలా చెప్పేటప్పుడు అతని ముఖం చూడాలి. పెళ్లికొడుక్కి కూడా అంత కళ ఉండదు.

ఒకరోజు ఏటి అవతలి ఒడ్డు మఠం నుంచి సాధువులు వచ్చారు. వాళ్లు చూస్తుండగా పర్వతయ్యగారు దగ్గడం, కేకెయ్యడం, విభూతి పెట్టి సందులోంచి దూరడం, అన్నీ రోజూలాగే చేశాడు. సాధువుల్లో ఒకాయన పైగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. మరుళయ్యకి చెవులు ఎర్రబడ్డాయి. నవ్వింది తన గురువుని చూసి మరి.

వాళ్లు వెళ్లాక ఉండబట్టలేక అడిగేశాడు.

"అయ్యవారూ, అన్ని జీవుల్లోనూ శివుడున్నాడని మీరే చెప్పారు గదా."

"చెప్పాను."

"మరి కాటుకయ్యలో లేడా?"

"వాడిలో కాస్త ఎక్కువే ఉన్నాడు."

"మరి గోడకి ఆ సందు ఎందుకు?"

పర్వతయ్యగారు పైగుడ్డకి అంటిన రాతి దుమ్ము దులుపుకుంటూ అన్నాడు. "శివుడు ఎదురొచ్చినప్పుడు దారివ్వాలి కదా."

మరుళయ్యకి ఈ జవాబు నచ్చలేదు. పల్లకీకి దారివ్వని మనిషి పశువుకి దారిస్తాడా? పెద్దాయన మాట దాటేస్తున్నాడనుకున్నాడు. వయసు మీద పడింది, పాపం, చాదస్తం వచ్చింది అనుకున్నాడు. గురువు పరువు కాపాడే పని ఇక తనదే అని తీర్మానించుకున్నాడు.

మర్నాడు తెలగపిండి బస్తాలు వచ్చాయి. వాటిని కొట్టంలో పెట్టాల్సింది. మరుళయ్య తెచ్చి సందుకి బయట అడ్డంగా పేర్చాడు. కొట్టంలో ఎలుకలున్నాయని సాకు చెప్పాడు.

పొద్దున లేచి చూస్తే బస్తాలు పక్కన ఉన్నాయి. సందు ఖాళీగా ఉంది. మఠంలో వంట చేసే సంగమేశం చెప్పాడు. "అయ్యవారే లాగారు. నేను పడతానంటే వద్దన్నారు."

మరుళయ్య మళ్లీ పేర్చాడు. పెద్దాయన మళ్లీ లాగేశాడు. ఒక్క మాట అనలేదు. ఎవరు పెట్టారని అడగలేదు. వీడు సాయంత్రం ఎత్తి పెట్టేవాడు, ఆయన పొద్దున ఈడ్చి పక్కన పెట్టేవాడు. ఎత్తే బలం ఆయనకి లేదు. బస్తా చెవులు పట్టుకుని, వెనక్కి వంగి, మధ్యమధ్యలో ఆగి రొప్పుతూ లాగేవాడు. నేల మీద బస్తాలు ఈడ్చిన గీతలు పడ్డాయి. ఆ గీతలు చూసినప్పుడు మరుళయ్య గుండె ఒక్క క్షణం చివుక్కుమనేది. అయినా సాయంత్రానికి మళ్లీ పేర్చేవాడు. పట్టుదలంటే అట్లాంటిది.

శివరాత్రి దగ్గరపడింది.

ఈసారి పగ్గం తనదేనని మరుళయ్యకి అనుమానమే లేదు. పెంచింది ఎవరు? ఊరికి కబురు కూడా పంపేశాడు. అతని తండ్రి చెంచయ్యకి కొడుకు మఠంలో చేరడం సుతరామూ ఇష్టం లేదు. అరక పట్టాల్సిన చేతులు బూడిద పూసుకుంటున్నాయని అలిగి, ఇంతవరకు బూదికొండ ముఖం చూడలేదు. ఇప్పుడు కొడుకు అంత పెద్ద బసవన్న పగ్గం పట్టి ఊళ్లన్నీ చూస్తుండగా నడుస్తాడని తెలిసి, వస్తానన్నాడు. మరుళయ్యకి ఆ పగ్గం ఎంత ముఖ్యమో ఇక చెప్పక్కర్లేదు.

పండగ ఇంకా రెండు రోజులుందనగా, సాయంత్రం భజన అయ్యాక పర్వతయ్యగారు శిష్యులందర్నీ కూర్చోబెట్టి అడిగాడు.

"కాటుకయ్య అంటే మీలో ఎవరికి భయం?"

ఎవరూ మాట్లాడలేదు. గురువు ముందు భయమని ఎవరంటారు? మరుళయ్య మీసం కింద చిన్నగా నవ్వుకున్నాడు.

చివరికి సంగమేశం చెయ్యి ఎత్తాడు. గంటె పట్టుకుని వచ్చినవాడు గంటెతోనే ఎత్తాడు. "నాకు భయమే అయ్యవారూ. కుడితి పోసేటప్పుడు కూడా తలుపుకి ఆనుకునే ఉంటా."

"అయితే పగ్గం నువ్వు పట్టు."

సంగమేశం ముఖంలో రక్తం లేదు. మరుళయ్య లేచి నిలబడ్డాడు. అట్నే బయటికి నడిచాడు. తిన్నగా దొడ్డి దగ్గరికి పోయి, ఉన్న బస్తాలన్నీ తెచ్చి సందు ముందు తన ఎత్తు దాకా పేర్చాడు. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే చెమటనుకుని తుడుచుకున్నాడు.

శివరాత్రి ముందు రోజు పొద్దునే చెంచయ్య బండి దిగాడు.

అప్పటికే మఠంలో సందడి మొదలైంది. డప్పులవాళ్లు చర్మాలు వేడి చేసుకుంటూ వాయించి చూసుకుంటున్నారు. దూరపు ఊరి రైతు తెచ్చిన, ఎదకొచ్చిన ఆవు ఒకటి కొండ కింద కట్టేసి ఉంది. కాటుకయ్య దొడ్డిలో నిలకడగా లేడు. గాడిలో జొన్న చొప్ప వేసింది వేసినట్టే ఉంది. మధ్యమధ్య రంకె వేస్తున్నాడు. ఇవాళ ఎవరూ లోపలికి పోవద్దని పర్వతయ్యగారు పొద్దునే చెప్పి ఉన్నాడు.

చెంచయ్య గోడ మీదనుంచి తొంగి చూశాడు. మూపురం నుంచి గిట్టల దాకా చూశాడు. వ్యవసాయం చేసిన కళ్లు. పశువుని చూస్తే విలువ తెలుస్తుంది.

"దీన్నా నువ్వు పెంచింది?"

"నేనే నాయనా. నా చేత్తో పాలు పట్టా."

"రేపు పగ్గం నీదేనా?"

 లేదు అని చెప్పడానికి మరుళయ్యకి నోరు రాలేదు. ఆ మాట చెప్పేకన్నా దొడ్డిలోకి పోవడమే తేలికనిపించింది. "చూస్తుండు నాయనా" అని పిడికిట్లో విభూతి తీసుకుని, తలుపు తీసి లోపలికి వెళ్లి, వెనక గడియ పెట్టాడు. దగ్గలేదు. కేకెయ్యలేదు.

ఆంబోతు ఇటు తిరిగి చూసి, పక్కకి తిరిగి నిలబడింది. ఒళ్లంతా బిగించి, మూపురం నిక్కించి, తన పొడవంతా కనబడేట్టు నిలబడింది. తండ్రి ముందు వాడు కూడా దర్జా చూపిస్తున్నాడనుకున్నాడు మరుళయ్య. పశువు అలా నిలబడితే అది బెదిరింపని చెంచయ్యకి తెలుసు.

"ఒరే, రా ఇవతలికి" అన్నాడు మెల్లిగా.

మరుళయ్య నేరుగా కాటుకయ్య ముఖానికి ఎదురుగా పోయి నిలబడ్డాడు. నొసటి మీద అడ్డంగా విభూతి పూశాడు. పూసిన అరచేతిని అక్కడే ఉంచి, తండ్రి వైపు ఓరగా చూసి, చిన్నగా నెట్టాడు.

కాటుకయ్య నెట్టాడు. మరుళయ్య నవ్వి ఇంకొంచెం నెట్టాడు. కాటుకయ్య వెనక్కి తగ్గాడు. తోక ఎత్తాడు. కాలితో నేల దువ్వాడు.

మరుళయ్య నవ్వు ఆగిపోయింది. కాటుక కళ్లు ఉబ్బి బయటికొచ్చినట్టున్నాయి. వాటిల్లో తను ఉన్నాడో లేడో తెలియలేదు.

మొదటి దెబ్బ తొడకి తగిలింది. కొమ్ము కాదు, నొసలు. తలుపంత ఛాతీ గల మనిషి ఎగిరి గోడ వారగా పడ్డాడు. లేచేసరికి తలుపు ఆ చివర ఉంది. గడియ తనే పెట్టాడు. తలుపుకీ తనకీ మధ్య కాటుకయ్య ఉన్నాడు. ఇవతల మూలలో సందు ఉంది, కానీ సందు ముందు బస్తాలున్నాయి. రాత్రి అవి పేర్చింది కూడా తనే.

అప్పుడు చావు ఇంత దగ్గరగా ఉంటుందని మరుళయ్యకి తెలిసింది. తండ్రి చూస్తుండగా చావాలని మాత్రం అతను కోరుకోలేదు.

"మరుళా. సందు."

గొంతు పెద్దగా లేదు. రోజూ విభూతి పళ్లెం తెమ్మనే గొంతు. మరుళయ్య తల తిప్పి చూశాడు. సందులోంచి అవతలి వెలుగు కనిపిస్తోంది. బస్తాలు లేవు.

కాటుకయ్య రెండోసారి తల దించాడు. అప్పుడు ఆ సందులోంచి, పక్కవాటుగా, పర్వతయ్యగారు లోపలికి వచ్చాడు. ఆంబోతుకి భయపడే పర్వతయ్యగారు. భుజం మీది కావి గుడ్డ తీసి, విదిలించి, పక్కకి విసిరాడు. గుడ్డ గాలిలో విచ్చుకుంది. కాటుకయ్య తల అటు తిరిగింది. గుడ్డని కొమ్ముల్తో నేలకేసి కుమ్మాడు.

ఆ కాస్త వ్యవధి చాలింది. మరుళయ్య పరిగెత్తి సందులో పడ్డాడు. తలుపంత ఛాతీ రాళ్ల మధ్య ఇరుక్కుంది. ఊపిరి వదిలేసి, ఒళ్లు తిప్పి, భుజం చర్మం రాతికి వదిలేసి బయట పడ్డాడు. వెనకాలే పర్వతయ్యగారు వచ్చాడు, రోజూ ఎలా వచ్చేవాడో అలాగే. గోడని తడుముకోలేదు, ఎక్కడా ఆగలేదు. ఆయన చివరి కాలు ఇవతల పెట్టేసరికి కొమ్ము రాతికి తగిలిన చప్పుడు అయ్యింది. చిన్న పెచ్చు ఊడి పడింది.

 చెంచయ్య గోడ చుట్టూ పరిగెత్తుకొచ్చి, కొడుకు ఒళ్లంతా చేతుల్తో తడిమి, కింద కూలబడ్డాడు.

పర్వతయ్యగారు రొప్పుతూ ఒక బస్తా మీద కూర్చున్నాడు. ఆ బస్తాని పొద్దునే ఆయనే లాగి అక్కడ పెట్టాడు. మామూలు కన్నా ఎక్కువ బస్తాలు. ఎంతసేపు పట్టిందో, ఎన్నిసార్లు ఆగాడో ఎవరూ చూడలేదు. మరుళయ్య ఆ గీతల వైపు చూశాడు. తర్వాత చూడలేకపోయాడు.

"నా మీద తిరగబడ్డాడు అయ్యవారూ" అన్నాడు ఏడుస్తూ. "పాలు పట్టిన చెయ్యి. నన్నే చంపాలని చూశాడు."

"చంపాలని ఎందుకురా? ఆడుకుందామని వచ్చాడు. నువ్వు నేర్పిన ఆటే."

మరుళయ్య ఏడుపు ఆగింది.

"తను పెద్దవాడయ్యాడని పాపం వాడికి తెలీదు. తెలిసిన నువ్వు వాడికి చెప్పలేదు."

సంగమేశం పసుపు నూరి తెచ్చాడు. పర్వతయ్యగారు మరుళయ్య భుజం కడిగి తన చేత్తోనే పసుపు పెట్టాడు. పెట్టాక చెయ్యి పట్టుకుని సందు దగ్గరికి తీసుకెళ్లాడు. రెండు బండలూ ఒకచోట అద్దంలా నున్నగా ఉన్నాయి. మిగతా గోడంతా గరుకు.

"ఈ నునుపు ఎట్లా వచ్చింది?"

మరుళయ్య ఎన్నాళ్లుగానో చూస్తున్న నునుపే. "బసవన్నలు ఒళ్లు రుద్దుకుని వచ్చుంటుంది" అన్నాడు.

"సందు లోపలికి బసవన్న ఒళ్లు పడుతుందా?"

 పర్వతయ్యగారు ఆ నునుపు మీద అరచెయ్యి ఆనించాడు. పూజలో లింగాన్ని ముట్టినట్టు ముట్టాడు.

"ఇది నా భుజం. ఇదిగో, ఈ పైన ఉన్నది మా గురువుగారిది. మనిషి పొడగరి. దాని పైన ఇంకొంచెం లోతుగా ఉంది చూడు, అది మా పరమగురువుగారిది. ఆ కాలం బసవన్న రాక్షసుడంట. ఆయన రోజుకి రెండుసార్లు దూరేవాడంట."

ఆ ముసలి ముఖంలో అంత గర్వం మరుళయ్య ఎప్పుడూ చూడలేదు. జమీందారు పల్లకీ తనని తప్పుకుని పోయిన రోజున కూడా ఆ ముఖం అలా ఉండి ఉండదు.

"వాళ్లంతా పారిపోయారా అయ్యవారూ?"

"దారిచ్చారు."

ఆ శివరాత్రికి కాటుకయ్య గడప దాటలేదు. ఊరేగింపుకి బండి లాగే ముసలి ఎద్దుని పూలతో అలంకరించి తీసుకెళ్లారు. పగ్గం సంగమేశమే పట్టాడు. ప్రాణం లేచొచ్చినవాడిలా నవ్వుతూ నడిచాడు. ఊళ్ల జనం గొణుక్కున్నారు. కాటుకయ్యని చూద్దామని వచ్చి ముసలి ఎద్దుని చూసి పోతే ఎవరికైనా కడుపు మండుతుంది.

అవతలి ఒడ్డు సాధువు దారిలో మరుళయ్యని పట్టుకున్నాడు. మొన్న నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్న ఆయనే. "ఏమయ్యా, మీ బసవన్నని ఇంట్లో దాచుకున్నారేం? భయపడ్డారా?"

మరుళయ్య భుజం కట్టు సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు.

"అవును స్వామీ, భయపడ్డాం. మా ఆచారం."

ఊరేగింపు ఏటికి పోయాక మఠం ఖాళీ అయ్యింది. మరుళయ్య దొడ్డి వైపు నడిచాడు. చెంచయ్య వెనకాలే వచ్చాడు గానీ వద్దని అనలేదు. కొండ కింది ఆవుని పొద్దునే ఊరికి తోలేశారు. డప్పులు దూరంగా ఎక్కడో వినిపిస్తున్నాయి. కాటుకయ్య గాడి దగ్గర నింపాదిగా నెమరేస్తున్నాడు. నొసటి మీది విభూతి చెదిరిపోయి ఉంది.

చాలా దూరాన ఆగి మరుళయ్య దగ్గాడు. "బసవా, నేనేనయ్యా, మరుళయ్యని. వస్తున్నా."

కాటుకయ్య తల ఎత్తాడు. మరుళయ్య అక్కడే నిలబడ్డాడు. వాడు చూసి, గుర్తుపట్టి, మళ్లీ చొప్పలో మూతి పెట్టేదాకా నిలబడ్డాడు. పెద్ద తలుపు బార్లా తెరిచి, దాన్ని అలాగే ఉంచి, తండ్రిని బయటే ఉండమని లోపలికి వెళ్లాడు. భుజం పక్కకి చేరాడు. కాటుకయ్య నొసలు ముందుకి చాపి ఆగాడు. ఆ అరచెయ్యి కోసమే. మరుళయ్య చేతిని నొసటి దాకా పోనివ్వలేదు. గంగడోలు కింద కాసేపు గోకాడు. మూపురం మీద విభూతి పెట్టాడు. అప్పుడు ముఖం వాడి వైపే ఉంచి, వెనక్కి వెనక్కి నడిచి, ఎదురుగా తలుపు బార్లా తెరిచి ఉన్నా, పక్కకి తిరిగి సందులో దూరాడు. దెబ్బ తగిలిన భుజం మళ్లీ రాచుకుంది. పళ్లు బిగబట్టి బయటికొచ్చాడు.

చెంచయ్య తలుపు మూసి బయటి గడియ పెట్టి గోడ చుట్టూ తిరిగొచ్చాడు. కొడుకుని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"ఏందిరా ఈ సందు?"

మరుళయ్య తండ్రి చెయ్యి పట్టుకుని రాతి మీద పెట్టించాడు. "ఇది మా అయ్యవారి భుజం నాయనా. ఇది వాళ్ల గురువుగారిది. ఈ పైన లోతుగా ఉందే, అది పరమగురువుగారిది." చెబుతుంటే అతని గొంతు పెద్దదయ్యింది. తన సొంత తాతల పొలాలు చూపిస్తున్నట్టు చూపించాడు.

రైతు వేళ్లు ఆ నునుపు మీద మెల్లిగా తిరిగాయి. విత్తనాన్ని తడిమి చూసినట్టు తడిమి చూశాడు.

"మరి నీదేదిరా?"

మరుళయ్య గురువు భుజం కింద ఒకచోట చూపించాడు. అక్కడ రాయి ఇంకా గరుకుగానే ఉంది. నెత్తురు మరక ఒకటి ఎండి ఉంది.

"ఇదే నాయనా. రేపు కూడా రావాలి."